పంద్రాగస్టుకి పాపని తీసుకురావడం గురించి

రాజోలు,
20-7-78

బావగారు ఏసుదాసు మాస్టారికి,

ఇశ్రాయేలు వందనాలు. ఇక్కడ అందరం బాగున్నాం. వానలు పడుతున్నాయి. ఆవు ఈనింది, పెయ్యదూడ. ఇక విషయం.

ఈ పంద్రాగస్టుకి మా మాజీ సైనికుల సంఘం జెండా నేనే ఎగరేస్తున్నాను. మిలిటరీ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ నేనే ఎగరేస్తున్నాను కాబట్టి ఇందులో కొత్తేమీ లేదు. కొత్త ఏమిటంటే, ఈసారి నా చంకలో మన మనవరాలు ఉండాలని నిర్ణయించాను. మా సంఘం సెక్రటరీ భీమరాజు, నాలుగు నెలల పిల్లని ఎత్తుకుని సెల్యూట్ కొట్టడం పద్ధతి కాదంటున్నాడు. పిల్ల ఎడమ చేతిలో ఉంటుంది, సెల్యూట్ కుడి చేత్తో కొడతాను, పద్ధతికి ఎక్కడ నష్టం వచ్చిందో చెప్పమన్నాను. వారం రోజులుగా చింతపండు బుట్ట ఎత్తుకుని ఇంట్లో సాధన చేస్తున్నాను. పాప బరువెంతో రాస్తే బుట్టలో ఆ మేరకు సవరిస్తాను.

మా రాహేలు తెల్లగౌను కుట్టించింది. అంచుకి కాషాయం, ఆకుపచ్చ కుచ్చులు పెట్టించింది. కొలతలు లేకుండా కుట్టించింది కనుక పిల్లని గౌనుకి సరిపడా తేవలసి ఉంటుంది.

ప్రోగ్రాం ఇది. పదమూడో తేదీ ఆదివారం ఆరాధన అయ్యాక అక్కడ బయలుదేరాలి. మీరు హెడ్మాస్టరు, స్కూలు వదిలి రాలేరు, అది నాకు తెలుసు. మా చెల్లెమ్మ నాగమణిగారూ కోడలు అమ్మాజీ పాపని తీసుకుని వస్తే చాలు. మీ ఒడ్డున బోడసకుర్రు రేవులో మూడు గంటలకి నేను నిలబడి ఉంటాను. మావాడు సుందరరావుకి విశాఖపట్నం పోర్టులో సెలవు దొరకలేదు. అందుచేత బాధ్యత మనిద్దరిదీ.

జవాబు వెంటనే రాయగలరు.

ఇశ్రాయేలు,
హవల్దార్ (రిటైర్డ్)

*

మిషన్‌పేట,
ఉప్పలగుప్తం పోస్టు,
26-7-78

ప్రభువునందు మిక్కిలి గౌరవనీయులైన బావగారు ఇశ్రాయేలు గారి సముఖానికి,

ఏసుదాసు వినయపూర్వకంగా రాసుకునేది. మీ ఉత్తరం అందింది. మీ అక్షరాలు నానాటికీ నిటారుగా నిలబడుతున్నాయి. మా నాలుగో తరగతి పిల్లలకి చూపించి, చేతిరాత అంటే ఇదీ అని చెప్పాను. ఆవు ఈనినందుకు మా ఇంటిల్లిపాదీ సంతోషించాం. దూడకి పేరు పెట్టారా?

తమరు పాపని పంద్రాగస్టుకి పిలవడం మాకు ఎంతో గౌరవం. ఆ మాట వినగానే నాగమణి పెట్టె సర్దడానికి లేచింది. నేనే కూర్చోబెట్టాను. ఎందుకంటే గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చాయని, వరద రెండో ప్రమాద సూచిక దాకా వెళ్ళవచ్చని మా స్కూల్లో వెంకటరమణ మాస్టారు రేడియోలో విన్నారట. పసిపిల్లతో రేవు దాటించడం గురించి తమరే ఒకసారి ఆలోచించగలరు. నాకేమీ అభ్యంతరం లేదు. నాకు అభ్యంతరం ఎందుకుంటుంది?

పాప బరువు తూచలేదు. మా ఊళ్ళో కాటా ఒక్క కొబ్బరి కొట్టులోనే ఉంది. అందులో పెట్టడానికి అమ్మాజీ ఒప్పుకోలేదు.

మా స్కూల్లో పిల్లల చేత జనగణమన పాడిస్తున్నాను. చివరి జయజయజయజయహే దగ్గర ఒక్కొక్కళ్ళు ఒక్కో లెక్కన ఆగుతున్నారు. పద్దెనిమిదేళ్ళుగా ఇదే ఇబ్బంది.

చెల్లెమ్మగారికి మా వందనాలు. తమ దయ ఎప్పటిలాగే మా మీద ఉంచవలెను.

విధేయుడు,
ఏసుదాసు

*

రాజోలు,
30-7-78

మాస్టారికి,

మీ ఉత్తరం నిన్న పదకొండు గంటలకి అందింది. ఒంటిగంట బస్సెక్కి మా ఒడ్డున పాశర్లపూడి రేవుకి వెళ్ళి గోదావరి చూశాను. నీళ్ళు ఎర్రగా ఉన్న మాట నిజం. ప్రతి జూలైలోనూ ఎర్రగానే ఉంటాయి. పడవలు తిరుగుతున్నాయి. అవతలి ఒడ్డుకి వెళ్ళి మళ్ళీ ఇవతలికి వచ్చాను. నాతోపాటు ఇద్దరు చంటిపిల్లల తల్లులు, ఒక మేక, పెళ్ళివారి బాజాభజంత్రీ దాటేరు. ఎవరికీ ఏమీ కాలేదు. పడవ సరంగుని అడిగితే, "పదమూడుకి ఇంకా తగ్గిపోద్దండి, ఆయ్, నిశ్చింతగా తెచ్చుకోండి," అన్నాడు.

కాబట్టి వరద అడ్డం తొలగింది. ఇంకేమైనా అడ్డం ఉంటే రాయండి, దాన్ని కూడా వెళ్ళి చూసి వస్తాను.

పాప బరువు గురించి మీరు రాసింది నాకు అర్థం కాలేదు. కొబ్బరి తూచే కాటా శుభ్రంగా తుడిచి, దుప్పటి పరిచి తూచవచ్చు. పిల్ల ఎదుగుతోందా లేదా అన్నది నేను అడిగింది.

దూడకి పేరు పెట్టలేదు.

ఇశ్రాయేలు

*

మిషన్‌పేట,
4-8-78

గౌరవనీయులైన బావగారికి,

మాకోసం తమరు స్వయంగా గోదావరి దాటి మళ్ళీ వెనక్కి దాటేరని చదివి సిగ్గుపడ్డాను. వెంకటరమణ మాస్టారిని ఇక మీదట రేడియో జాగ్రత్తగా వినమని చెప్పాను.

పాప ఎదుగుతోంది. ఎదగడానికేం, చక్కగా ఎదుగుతోంది. కాకపోతే నిద్ర విషయంలో కాస్త ఇబ్బంది ఉంది. కంగారు పడవలసినదేమీ లేదు. చోటు మారితే బొత్తిగా నిద్రపోదు. మొన్న నాగమణి వాళ్ళ అన్నయ్యగారి ఇంటికి ముమ్మిడివరం తీసుకువెళితే ఒక్క పూట తిరగకుండానే తీసుకువచ్చేయవలసి వచ్చింది. ఈ పరిస్థితుల్లో మూడు రోజులు రాజోలులో అంటే అమ్మాజీ జంకుతోంది. నేను చెప్పి చూశాను. గట్టిగా చెప్పలేకపోయాను.

ఈ ఒక్క పంద్రాగస్టుకి తమరు మమ్మల్ని క్షమిస్తే, జనవరి ఇరవయ్యారుకి పాపని నేనే భుజాన వేసుకుని తీసుకువస్తాను. అప్పటికి సొంతంగా కూర్చుంటుంది కూడా. సెల్యూట్‌కి ఇంకా అనువుగా ఉంటుంది.

ఇక్కడ జెండా ఎగరేసే సరుగుడు కొయ్యకి సున్నం వేయించాం. మా ప్రెసిడెంటు సూర్యప్రకాశరావు గారు ఈసారి జెండా ఎగరేయడానికి ఒప్పుకున్నారు. ఉపన్యాసం అరగంటకి మించదని మాట కూడా ఇచ్చారు.

విధేయుడు,
ఏసుదాసు

*

రాజోలు,
9-8-78

బావగారూ,

ఈ ఉత్తరం రాహేలుకి తెలియకుండా రాస్తున్నాను.

"కాస్త ఇబ్బంది, కంగారు పడవలసినదేమీ లేదు" అని రాశారు. ఈ మాటలు నేను ఇంతకుముందు చదివాను. రెండేళ్ళ క్రితం డిసెంబరులో, మన మొదటి మనవడు బాబుకి ఎనిమిదో నెలలో, "ఒంట్లో కాస్త నలతగా ఉంది, కంగారు పడవలసినదేమీ లేదు" అని మీరు కార్డు రాశారు. ఆ కార్డు నమ్మి నేను క్రిస్మస్‌కి గోడలకి సున్నం కొట్టిస్తూ కూర్చున్నాను. మీ ఊరు వచ్చేసరికి వాణ్ణి తెల్లగుడ్డలో చుట్టి ఉంచారు. మొహం కూడా సరిగ్గా చూడలేదు నేను. వాడికి మా నాన్న పేరు పెట్టాం. ఆ పేరు ఇప్పటికీ మా ఇంట్లో ఎవరూ పలకరు.

మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. ఆ రోజూ పట్టలేదు. కానీ మొదట వరద అన్నారు. తరవాత కాటా అన్నారు. ఇప్పుడు నిద్ర అంటున్నారు. అదీ చిన్నగా అంటున్నారు. పిల్లకి ఏమైంది?

నేను ముప్పై మంది జవాన్లకి హుకుం ఇచ్చినవాణ్ణి. ఇది హుకుం కాదు. బతిమాలుకుంటున్నాను. ఏముంటే అది రాయండి.

ఇశ్రాయేలు

*

మిషన్‌పేట,
12-8-78

బావగారికి,

మీ ఉత్తరం ఇప్పుడే అందింది. చదివిన వెంటనే ఇది రాస్తున్నాను. పాపకి ఏమీ లేదు. దేవుని తోడు, ఏమీ లేదు. నేను దాచింది వేరే సంగతి. అది రాస్తాను, చదివాక మీ ఇష్టం.

పాప ఉయ్యాలకి కట్టిన తాడు మా స్కూలు జెండా తాడు.

జనవరి ఇరవయ్యారు అయ్యాక ఏటా ఆ తాడుని ఉతికి ఆరబెట్టి మా ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంచుతాను. స్కూల్లో ఉంచితే ఎలకలు కొరుకుతాయి. పాపని ఉయ్యాలలో వేసినప్పుడు ముందు కొబ్బరి తాడే కట్టాం. మన సీమలో ఇంకో తాడు ఎక్కడుంటుంది? కానీ ఊపినప్పుడల్లా పీచు పొట్టు పిల్ల మొహం మీద రాలింది. కళ్ళు నలుపుకుని ఏడ్చేది. పెట్టెలో మెత్తటి నూలు తాడు ఉందని నాకు గుర్తొచ్చింది. పంద్రాగస్టు ఇంకా మూడు నెలలుంది కదా, అప్పటికి ఇంకోటి చూద్దాంలే అనుకుని కట్టేశాను.

ఆ మర్నాడే రాహేలు చెల్లెమ్మగారు ఉయ్యాల చూడ్డానికి వచ్చేరు. ప్రార్థన చేసి, నన్ను పక్కకి పిలిచి, "అన్నయ్యగారూ, పోయినసారి సున్నాలకని ఉయ్యాల విప్పేరు. వారం తిరక్కుండా బాబు మంచాన పడ్డాడు. పాప పారాడే దాకా ఈ ఉయ్యాల విప్పకండి, మీకు దణ్ణం పెడతాను," అన్నారు. నేను చదువు చెప్పేవాణ్ణి. ఇలాంటివి నమ్మకూడదని సండే స్కూల్లో కూడా చెబుతాను. అయినా అప్పటినుంచీ ఆ ముడి మీద చెయ్యి వేయలేదు.

పాప ఆ ఉయ్యాలలో తప్ప నిద్రపోదు. రాజోలు తేవాలంటే ఉయ్యాల విప్పి తేవాలి. విప్పితే చెల్లెమ్మగారికి ఏమని చెప్పను? తెస్తే మీరు ఒక్క చూపులో పోల్చేస్తారు. ఆ తాడు చివర జెండా తగిలించే చెక్క బిళ్ళ అలాగే ఉంది. జెండా నేలకి తగిలితే మూడు రోజులు అన్నం తినని మనిషి మీరు. జెండా తాడుని ఉయ్యాలకి కట్టిన హెడ్మాస్టరుని ఏమంటారో అని భయపడి వరద మీదికి నెట్టాను.

పదిహేనుకి కొబ్బరి తాడే సన్నగా పేనించి కొయ్యకి కట్టించాను. నిన్న ఉత్త తాడు లాగి చూశాం. కప్పీ మీద చక్కగా నడిచింది.

ఇంకొక్క మాట. బాబు అప్పుడు "కాస్త నలత" అని రాసింది మిమ్మల్ని మభ్యపెట్టడానికి కాదు. డాక్టరు చెప్పింది నాకు తెలుసు. కాగితం మీద పెడితే అది నిజమైపోతుందేమోనని పెట్టలేకపోయాను. ఇన్నాళ్ళూ మీకు చెప్పలేదు.

ఏసుదాసు

తా.క. ఇవాళ్టికి పోస్టు డబ్బాలో ఉత్తరాలు తీసేశారట. రేపు ఆదివారం. ఇది సోమవారం కదులుతుంది. పంద్రాగస్టుకి ముందే మీకు అందాలని ప్రార్థిస్తున్నాను.

*

మిషన్‌పేట,
17-8-78

మహారాజశ్రీ బావగారికి,

పన్నెండున రాసిన ఉత్తరం మీకు ఎప్పుడు అందిందో, అసలు అందిందో లేదో నాకు తెలియదు. పంద్రాగస్టు సెలవు కదా, తపాలా వాళ్ళు కూడా స్వతంత్రులే. ఉత్తరం అందకుండానే తమరు వచ్చారని, వచ్చి ఆ దృశ్యం చూశారని నాకు అర్థమైంది.

జరిగింది జరిగినట్టు విన్నవించుకుంటాను. పద్నాలుగు రాత్రి వాన పడింది. కొబ్బరి తాడు తడిసి ఉబ్బింది. ఉదయం ఎనిమిదికి ప్రెసిడెంటు గారు తాడు లాగారు. జెండా మూట సగం దాకా వెళ్ళి ఆగింది. గట్టిగా లాగమన్నాను. ఆ లాగుడికి ముడి అక్కడే ఊడి, బంతిపూల రేకులు ఆయన నెత్తి మీద పడి, జెండా సగం కొయ్య మీదే విచ్చుకుంది. ఆ తరవాత పైకి రాలేదు, కిందికి రాలేదు. కొబ్బరి చెట్లు ఎక్కేవాళ్ళు ఆరుగురున్నారు గానీ, ఆ సరుగుడు కొయ్య మనిషి బరువు మోయదు. పిల్లలు జెండా ఎక్కడుంటే అక్కడికే వందనం చేసి పాడారు. ఈసారి చివర అందరూ ఒక్కసారే ఆగారు. ప్రెసిడెంటు గారు దేశం ఇంకా పైకి వెళ్ళాలని అరగంట మాట్లాడారు. తరవాత గునపం తెప్పించి, కొయ్య తవ్వి పడగొట్టి దించేసరికి పదిన్నర.

నేను బురదతో ఇంటికి వచ్చేసరికి తమరు అరుగు మీద ఉన్నారు. మెడల్స్ ఉన్న కోటు వేసుకుని ఉన్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "వచ్చేరా బావగారూ, ఎంతసేపైంది?" అంటే తమరు నా మొహం చూడలేదు. నాగమణి కాఫీ తెస్తే ముట్టుకోలేదు. "బస్సుకి వేళైందండి," అని వెళ్ళిపోయారు. కాలవ గట్టు దాకా మీ వెనకాలే వచ్చాను. ఒక్క మాట ఆడలేదు.

తమరు ఉయ్యాల చూశారని, తాడు పోల్చారని, జెండాకి జరిగిన అవమానానికి కారణం నేనేనని గ్రహించారని నాకు తెలుసు. మీరు నన్ను తిట్టి ఉంటే తేలికగా ఉండేది. చర్చిలో సంఘ పెద్ద పదవికి రాజీనామా ఇవ్వాలనుకుంటున్నాను. స్కూలు విషయం పైవాళ్ళకి నేనే రాసుకుంటాను. నా తప్పుకి అమ్మాజీ మీద కోపం పెట్టుకోవద్దని మాత్రం వేడుకుంటున్నాను.

విధేయుడు,
ఏసుదాసు

*

రాజోలు,
19-8-78

బావగారూ,

మీ రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది పదహారున వచ్చింది. రెండోది ఇవాళ.

పద్నాలుగు దాకా మీ జవాబు కోసం చూశాను. రాలేదు. పదిహేను తెల్లవారుజామునే కోటు వేసుకుని, సంఘం దగ్గరికని రాహేలుతో చెప్పి బస్సెక్కాను. జెండా భీమరాజుని ఎగరేయమని కబురు పెట్టాను. వాడు ఆనందంగా ఎగరేశాడట.

మీ ఊరి కాలవ గట్టు మీద నడుస్తుంటే తొమ్మిదిన్నరకి మీ స్కూలు కనిపించింది. జెండా సగం కొయ్య మీద ఉంది.

మాస్టారూ, పటాలం మనిషికి సగం కొయ్య మీద జెండా అంటే ఒకటే అర్థం. ఎవరో పోయారు. వాళ్ళకోసం దించారు. నేను అలా దించిన జెండాల కింద చాలాసార్లు నిలబడ్డాను. ఎవరు పోయారో ఎవరినీ అడగలేదు. అడగడానికి ఏముంది? నాలుగు నెలల పిల్ల కోసం స్కూలు జెండా దించరని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తెలియలేదు. ఆ స్కూలు హెడ్మాస్టరు పిల్ల తాత, దించి ఉంటాడు అనుకున్నాను. గట్టు మీద కూర్చుండిపోయాను. బట్టలుతుకుతున్న ఆవిడెవరో, "ఎవరింటికండీ, మంచినీళ్ళు తాగుతారా?" అంది. ఆవిడ గొంతు మామూలుగా ఉన్నందుకు ఆవిడ మీద కోపం వచ్చింది.

మీ ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. ఇంట్లో చప్పుడు లేదు. అందరూ స్కూలు దగ్గరున్నారు. అమ్మాజీ పెరట్లో ఎక్కడో ఉన్నట్టుంది. ఉయ్యాల కదలకుండా వేలాడుతోంది. దాని మీద చీర మడత కప్పి ఉంది. బావగారూ, నేను చచ్చిపోయిన మనుషుల్ని భుజాన వేసుకుని కొండలు దిగినవాణ్ణి. ఆ చీర మడత ఎత్తలేకపోయాను. చెయ్యి అక్కడ దాకా వెళ్ళి ఆగిపోయింది. కాసేపటికి మడత కింద నుంచి ఒక కాలు బయటికి వచ్చి తన్నింది.

ఆ పాదం పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. అమ్మాజీ వచ్చి, "ఎప్పుడొచ్చేరు మావయ్యగారూ, ఏవైందండీ?" అనే దాకా పట్టుకునే ఉన్నాను. ఏమీ లేదమ్మా అన్నాను. చూడండి, నేనూ అదే మాట అన్నాను.

మీతో ఎందుకు మాట్లాడలేదంటే, నోరు తెరిస్తే ఏడుపు వచ్చేది. వియ్యపురాలి ముందు మెడల్స్ వేసుకుని ఏడవడం పద్ధతి కాదు. తాడు నేను చూడనే లేదు. ఆ రోజు ఆ ఉయ్యాలని పాముతో కట్టినా చూసేవాణ్ణి కాదు. రాజీనామాలూ గీజీనామాలూ ఇవ్వకండి. రాహేలు విప్పొద్దంది కాబట్టి విప్పకండి. ఆవిడ మాట నేనూ నమ్మను, నేనూ కాదనను.

ఒక్కటే అడుగుతున్నాను. ఇక మీదట "కాస్త" అని రాయకండి, "కంగారు పడవలసినదేమీ లేదు" అని రాయకండి. పిల్ల తుమ్మితే తుమ్మిందని రాయండి. కంగారు పడాలో వద్దో నేను చూసుకుంటాను.

బాబు సంగతి మీరు రాసింది చదివాను. రెండుసార్లు చదివాను. కాగితం మీద పెట్టలేకపోయారు, అంతే కదా. నేను వాడి పేరు నోటితో అనలేకపోతున్నాను. మనిద్దరిదీ ఒకటే జబ్బు.

ఇశ్రాయేలు

*

(పోస్టుకార్డు)

మిషన్‌పేట,
23-8-78

బావగారికి,

పాప ఈ ఉదయం ఐదున్నరకి లేచింది. ఎనిమిది లోపు రెండుసార్లు తుమ్మింది. అప్పుడు నాగమణి పోపు పెడుతోంది. జ్వరం లేదు. నేను చెయ్యి వేసి చూశాను, తరవాత అమ్మాజీ చూసింది, తరవాత నాగమణి చూసింది. ఎడమ చెవి వెనక చీమ కుట్టిన దద్దురు ఒకటి ఉంది. పాలు నాలుగుసార్లు తాగింది, ఒకసారి కక్కింది. కొబ్బరి కొట్టులో దుప్పటి పరిచి తూచాం. ఐదు కిలోల ఎనిమిది వందలు. నన్ను చూసి నవ్వింది.

మధ్యాహ్నం మూడింటికి పావుగంట ఏడ్చింది. ఎందుకో మాకు తెలియలేదు. తెలియలేదని కూడా రాస్తున్నాను.

ఏసుదాసు